కొండ దిగేది గేరుతో, హ్యాండ్‌బ్రేక్‌తో కాదు

అలిపిరి దగ్గర ట్యాక్సీలు ఆగే చోట గానీ, చిత్తూరులో ఏ టీ బంకు ముందు గానీ ఘాట్ రోడ్డు మాట ఎత్తండి. ఎవరో ఒకరు తప్పకుండా ఈ మాట అంటారు: "ఏం గాదులే సామీ, బ్రేక్ పడకపోతే హ్యాండ్‌బ్రేక్ ఉండాది కదా. ఒక్క గుంజు గుంజితే యాడికక్కడ నిలబడిపోతాది." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపుతారు. కొత్తగా కారు కొన్న కుర్రవాడు అది విని గుర్తు పెట్టుకుంటాడు. మొదటిసారి ఇంటిల్లిపాదినీ తిరుమలకు తీసుకెళ్ళి కిందికి దిగేటప్పుడు వాడి ధైర్యమంతా ఆ ఎడమచేతి పక్కనున్న లివర్ మీదే ఉంటుంది.

ఆ మాట తప్పు. తెలియనివాళ్ళు అంటే సరిదిద్దవచ్చు. ఇరవై ఏళ్ళుగా బాడుగ బండ్లు తోలుతున్నవాళ్ళు, డ్రైవింగ్ స్కూల్లో పక్కసీట్లో కూర్చొని నేర్పించేవాళ్ళు, చివరికి కొందరు మెకానిక్కులు కూడా అంటున్నారు కాబట్టే గట్టిగా ఖండించాల్సి వస్తోంది. హ్యాండ్‌బ్రేక్ మీద ఈ నమ్మకం అసలు ప్రమాదానికి దారి చూపిస్తోంది. "చివర్లో అది ఉంది" అనుకున్నవాడు ముందు చేయవలసిన పని చేయడు.

ముందు ఆ లివర్ కింద ఏముందో చూద్దాం. లాగుతున్నప్పుడు టిక్కు టిక్కుమని వినిపించేది పళ్ళచక్రం మీద కొక్కెం ఎక్కుతున్న చప్పుడు. లివర్‌కు ఒక స్టీలు కేబుల్ తగిలించి ఉంటుంది. అది కారు అడుగు భాగంలో వెనక్కి వెళ్ళి, రెండుగా చీలి, వెనక చక్రాల డ్రమ్ముల్లో ఉన్న బ్రేక్ షూలను బయటికి తోస్తుంది. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ఇదే ఏర్పాటు. ముందు చక్రాలకు దానితో ఏ సంబంధమూ లేదు. కాలితో తొక్కే బ్రేకుకు నూనె ఒత్తిడి ఉంది, ఇంజన్ నుంచి సాయం అందించే బూస్టర్ ఉంది, నాలుగు చక్రాలూ ఉన్నాయి. చేత్తో లాగేదానికి మీ భుజబలం, ఆ కేబులు, వెనకున్న రెండు డ్రమ్ములు, అంతే. కేబులు కొన్నేళ్ళకు సాగుతుంది. వానాకాలం బురద పట్టి తుప్పెక్కుతుంది. ఏడో ఎనిమిదో టిక్కులు లాగితే గానీ పట్టని బండ్లు ఊరినిండా ఉన్నాయి. ఇంటి ముందు సమతలంలో నిలబెట్టేవాడికి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు.

ఆ లివర్‌ను ఏ పనికి తయారుచేశారో కొలతే చెబుతుంది. ప్యాసింజర్ కార్లకు అంతర్జాతీయ ప్రమాణం పార్కింగ్ బ్రేక్ నుంచి కోరేది ఇది: నిండుగా ఎక్కించిన కారును నూటికి ఇరవై వాలులో, నిలబడినచోట కదలకుండా పట్టి ఉంచాలి. అంటే కారు బరువులో ఐదో వంతు బలం. అంతకంటే కొంచెం ఎక్కువ పట్టే బండి ఉండవచ్చు, కానీ ఎవరూ దానికి మించి బాధ్యత తీసుకోలేదు. మంచి టైర్లున్న కారుకు పొడి రోడ్డు మీద కాలి బ్రేకు ఇచ్చే బలం బరువులో మూడొంతుల పైమాటే.

ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది, రోడ్డు మీదికి తెచ్చి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, నూటికి ఐదు వాలున్న రోడ్డు మీద దిగుతున్నారు. కాలి బ్రేకు సరిగా ఉంటే సుమారు 20 మీటర్లలో కారు ఆగుతుంది. బరువులో ఐదో వంతు పట్టే హ్యాండ్‌బ్రేక్‌తో అయితే, అందులో పావు భాగాన్ని వాలే మింగేస్తుంది కాబట్టి, 95 మీటర్ల దాకా పోతుంది. మీకు విషయం అర్థమై చెయ్యి లివర్ మీదికి పోయే లోపల దొర్లిపోయిన దూరం ఇందులో లేదు. తిరుమల నుంచి దిగే పాత ఘాట్‌లో మలుపు లేకుండా తొంభై అయిదు మీటర్లు ఎన్నిచోట్ల దొరుకుతుంది? "యాడికక్కడ నిలబడిపోతాది" అనే మాటకు ఇదీ విలువ.

ఇదంతా చక్రాలు తిరుగుతూ, నెమ్మదిగా పట్టు దొరికితే సంగతి. భయంతో గుంజినవాడి చేతిలో అలా జరగదు. కారు ముక్కు కిందికి వాలి ఉన్నప్పుడు, అందులోనూ వేగం తగ్గుతున్నప్పుడు, బరువంతా ముందు చక్రాల మీదికి పోతుంది. వెనక చక్రాలు తేలికై రోడ్డును అంటీ అంటనట్టు ఉంటాయి. ఆ క్షణాన హ్యాండ్‌బ్రేక్ ఒక్కసారిగా లాగితే అవి తిరగడం మానేసి జారడం మొదలుపెడతాయి. జారే టైరుకు ముందు వెనకల పట్టు తగ్గడంతో పోదు, పక్కపట్టు దాదాపు పూర్తిగా పోతుంది. మలుపులో కారు వెనకభాగాన్ని రోడ్డు మీద నిలిపి ఉంచేది ఆ పక్కపట్టే. అది పోగానే తోక బయటికి విసురుతుంది, కారు అడ్డం తిరుగుతుంది. కాలి బ్రేకు విషయంలో వెనక చక్రాలకంటే ముందు చక్రాలే మొదట బిగుసుకునేలా ఇంజనీర్లు జాగ్రత్త పడింది దీనికోసమే. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. "మాది ఏబీఎస్ బండి, జారదు" అనే మాట కూడా వింటున్నాను. కేబులుతో లాగే హ్యాండ్‌బ్రేక్ ఏబీఎస్ చేతిలో లేదు. మీరు లాగి పట్టుకున్న కేబులును వదిలించడం ఏ కంప్యూటరుకూ సాధ్యం కాదు.

దీనికి సాక్ష్యం కావాలంటే సినిమాలే చాలు. వెంటాడే సన్నివేశంలో హీరో హ్యాండ్‌బ్రేక్ లాగుతాడు, కారు గిర్రున తిరిగి వచ్చిన దారికే ముఖం పెడుతుంది, హాల్లో ఈలలు. ఆ స్టంట్ డ్రైవరు దాన్ని లాగింది కారును తిప్పడానికి. వెనక పట్టు తెగ్గొడితే కారు తిరుగుతుందని అతనికి తెలుసు, ఆ తిరగడానికి చుట్టూ ఖాళీ మైదానమో, మూసేసిన రోడ్డో చూసుకుంటాడు. అదే పని ఘాట్‌లో ఒకపక్క కొండ, ఒకపక్క పిట్టగోడ మధ్య చేస్తే కారు ఆగుతుందని నమ్మేవాళ్ళు, తెర మీద చూసిందానికి పూర్తి తలకిందులు అర్థం చెప్పుకొన్నారు. (రీల్స్ కోసం రింగురోడ్ల మీద అర్ధరాత్రి ఈ విద్య ప్రదర్శించే కుర్రాళ్ళ గురించి నేను ఇక్కడ మాట్లాడను. వాళ్ళ దగ్గరికి పోవలసింది వ్యాసాలు కాదు, పోలీసులు.)

అసలు ప్రశ్న వేరే ఉంది. ఘాట్‌లో బ్రేకు ఎందుకు పడకుండా పోతుంది? పైపు పగిలిపోవడం వల్లనో, నూనె కారిపోవడం వల్లనో అరుదుగా పోతుంది. అలా పోయినా ఇప్పటి కార్లలో బ్రేకు నూనె రెండు దారుల్లో పోతుంది. ఒకటి తెగితే రెండోది సగం బలంతోనైనా పనిచేస్తుంది. కొండ దిగేటప్పుడు బ్రేకు చచ్చిపోవడానికి చాలాసార్లు కారణం వేడి. ఆ వేడి ఎంతో ఎవరూ లెక్క వేసుకోరు.

తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది, తిరుపతి 160 దగ్గర. ఐదుగురు ఎక్కి, లడ్డూల సంచులతో సహా 1,400 కిలోలు తూగే కారు ఈ 690 మీటర్లు దిగుతూ వదిలించుకోవలసిన శక్తి, దాదాపు ముప్పై లీటర్ల చన్నీళ్ళను తెర్ల కాచడానికి సరిపోతుంది. అది ఎక్కడికో ఒకచోటికి పోవాలి. గేర్లో దిగితే ఎక్కువ భాగం ఇంజన్‌కు పోతుంది. ఇంజన్‌కు రేడియేటరు ఉంది, సైలెన్సరు ఉంది, వేడిని గాలిలోకి వదిలేయడం దాని నిత్యకృత్యం. న్యూట్రల్‌లో దిగితే ఆ వేడి చాలావరకు ముందు చక్రాల దగ్గరున్న అరచేతి పాటి ప్యాడ్ల మీద, వెనక రెండు డ్రమ్ముల మీద పడుతుంది. ప్యాడ్లు ఒక హద్దు దాటి కాలితే రాపిడి తగ్గిపోతుంది. డ్రైవరు ఇంకా గట్టిగా తొక్కుతాడు, ఇంకా వేడెక్కుతుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గాలిలోని తేమను పీల్చుకొని పాతబడ్డాక 140 డిగ్రీలకే మరగవచ్చు. రెండేళ్ళకోసారి మార్చమని సర్వీసు పుస్తకంలో రాసింది అందుకే, కానీ మన దగ్గర ఆయిల్ "తగ్గితే పోయించడమే" తప్ప మార్పించే అలవాటు లేదు. మరిగిన నూనెలో బుడగలు పుడతాయి. మీరు పెడల్ తొక్కితే ఆ బుడగలు నలుగుతాయి, ప్యాడ్ దాకా ఒత్తిడి పోదు. కాలు నేలకు ఆనుతుంది, బండి దిగుతూనే ఉంటుంది.

పాత ఘాట్ దిగేటప్పుడు అద్దం దించుకొని కూర్చున్నవాళ్ళెవరికైనా ఆ కమురు వాసన తెలుసు. కాలిన రబ్బరులాగా, మాడిన ఇనుములాగా ముక్కుకు తగులుతుంది. మలుపు తిరిగేసరికి పక్కన బండి ఆపుకొని ఉంటారు, ముందు చక్రంలోంచి సన్నగా పొగ లేస్తూ ఉంటుంది, ఆ ఇంటి పెద్దాయన నీళ్ళ బాటిల్ తెచ్చి చక్రం మీద గుమ్మరిస్తూ ఉంటాడు. (కాలిన డిస్కు మీద చన్నీళ్ళు పోస్తే అది వంకరపోతుంది, బీటలు కూడా వారవచ్చు. ఊరికే అరగంట నిలబెట్టండి, చాలు.) ఆయన్ని అడిగి చూడండి, ఏ గేర్లో దించారని. "న్యూట్రల్‌లోనే, బ్రేకు తొక్కుకుంటా వచ్చినా" అంటాడు.

ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ దగ్గరికి రండి. ఇంత వేడి పుట్టినప్పుడు అది కాపాడుతుందా? నూనె మరిగిపోయి పెడల్ చచ్చుబడినా కేబుల్ పనిచేస్తుంది, నిజమే. కానీ ఆ కేబుల్ తోసేది కొండపైనుంచీ మీరు కాలితో కాలుస్తూ వచ్చిన ఆ వెనక షూలనే. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరంగా జరిగి ఉంటుంది, లైనర్ల రాపిడి పడిపోయి ఉంటుంది. రెండు బ్రేకులున్నాయని మీరు అనుకుంటున్నారు. వేడి దగ్గరికి వచ్చేసరికి వెనక చక్రాల్లో అవి రెండూ ఒకటే. ముందు నుంచీ మీకు మిగిలి ఉన్న నిజమైన రెండో బ్రేకు ఇంజను. దాన్ని న్యూట్రల్‌లో పెట్టి మీరే పక్కన కూర్చోబెట్టారు.

న్యూట్రల్ ఎందుకయ్యా అంటే పెట్రోలు మిగులుతుందంటారు. కార్బురేటర్ల కాలంలో ఈ మాటకు కొంత ఆధారం ఉండేది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేర్లో ఉండి యాక్సిలరేటర్ మీదినుంచి కాలు పూర్తిగా తీసేస్తే, ఇంజన్‌ను చక్రాలే తిప్పుతున్నాయని గ్రహించి కంప్యూటరు ఇంధనం ఆపేస్తుంది. వేగం బాగా పడిపోయేదాకా చుక్క పెట్రోలు పోదు. న్యూట్రల్‌లో పెడితే మాత్రం ఇంజన్ ఆగిపోకుండా తిరగడానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. అంటే గేర్లో దిగినవాడికే మిగులు. ఇంకా ఘనులు కొందరు తాళం తిప్పి ఇంజనే ఆపేస్తారు. అప్పుడు బ్రేకు బూస్టరుకు శక్తి ఉండదు, రెండు మూడుసార్లు తొక్కగానే పెడల్ రాయిలా బిగుస్తుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళంచెవి బయటికి వస్తే స్టీరింగ్ లాకే పడుతుంది. యాభై రూపాయల పెట్రోలు కోసం ఈ బేరం చేసేవాళ్ళతో ఏం వాదించాలి!

"గేర్లో దించితే ఇంజన్ అరుస్తుంది, పాడైపోతుంది" అనేది ఇంకో వాదన. రెండో గేర్లో గంటకు 30 కిలోమీటర్ల దగ్గర మామూలు చిన్న కారు ఇంజన్ నిమిషానికి మూడు వేల లోపే తిరుగుతుంది. అది ఆరు వేల దాకా తట్టుకునేలా చేసిన ఇంజను. ఆ చప్పుడు మీ చెవికి కొత్త, దానికి కాదు. తిరుమల ఘాట్‌లో టీటీడీ దిగే బండ్లకు పెట్టిన కనీస సమయం 40 నిమిషాలు, ఎక్కే బండ్లకు 28. దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు. లెక్క కడితే గంటకు ముప్పై కంటే తక్కువే, అంటే రెండో గేరూ మూడో గేరూ నడిచే వేగం. ఎక్కడానికంటే దిగడానికి ఎక్కువ సమయం ఇవ్వడంలోనే ఘాట్ తత్వమంతా ఉంది. ఆ నియమాన్ని గౌరవించే తీరు మాత్రం చూడాలి. మలుపుల్లో టైర్లు అరిపించుకుంటూ దిగి, గేటుకు ముందు ఎక్కడో చెట్టు కింద బండి ఆపి, ఫోన్లో టైము చూసుకుంటూ కూర్చుంటారు.

మరో అలవాటు నాకు ఇంకా ఎక్కువ భయం పుట్టిస్తుంది. రెండు టిక్కులు హ్యాండ్‌బ్రేక్ ఎక్కించి పెట్టి, అలాగే కొండంతా దించేయడం. "బండి పట్టుగా దిగుతాదిన్నా" అని దీన్నొక కిటుకులాగా చెప్తారు. పట్టుగా దిగుతున్నట్టు అనిపించడానికి కారణం, వెనక షూలు పందొమ్మిది కిలోమీటర్లూ డ్రమ్మును రాసుకుంటూ రావడమే. చల్లబడడానికి క్షణం కూడా వ్యవధి ఉండదు. దానికి తోడు, డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతూ ఉంటుంది. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ వేసి ఉందని చెప్పే దీపమే, బ్రేక్ ఆయిల్ తగ్గిపోయిందని హెచ్చరించే దీపం కూడా. హ్యాండ్‌బ్రేక్ సగం లాగి వస్తున్నవాడికి నూనె కారిపోతున్నా ఆ దీపం కొత్తగా చెప్పేదేమీ ఉండదు. అప్పటికే వెలుగుతోంది కదా.

"మా నాయన అంబాసిడర్‌లో ఎన్నిసార్లు దించలేదు" అనేవాళ్ళు ఉన్నారు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచినప్పటి నుంచి ఎన్నో తరాల డ్రైవర్లు ఆ కొండ ఎక్కి దిగారు. 1974లో రెండో రోడ్డు వచ్చేదాకా ఎక్కేవీ దిగేవీ ఆ ఒక్క దారిలోనే. వాళ్ళ అనుభవాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ అనుభవం దేనిదో సరిగా చూడండి. అప్పటి బండ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, బూస్టర్లు లేవు, బ్రేకుల మీద ఎవరికీ అంత ధీమా లేదు. ఆ ధీమా లేనందువల్లే ఎక్కిన గేర్లోనే దిగాలి అనే నియమం వాళ్ళ నోట్లో ఉండేది. నాయన చెప్పిన ఆ మాట వదిలేసి, ఆయన ఎప్పుడో ఒకసారి హ్యాండ్‌బ్రేక్ లాగిన కథను మాత్రం కొడుకులు దాచుకున్నారు. పైగా లాగి బతికినవాళ్ళే కథ చెప్పగలరు. లాగి అడ్డం తిరిగినవాళ్ళ వైపు కథ టీ బంకు దాకా రాదు.

మన జిల్లాల్లో ఘాట్ అంటే తిరుమల ఒక్కటే కాదు. పలమనేరు దాదాపు 680 మీటర్ల ఎత్తున ఉంటుంది, చిత్తూరు 300 దగ్గర. ఆ తేడానంతా బెంగళూరు రోడ్డు దింపుకొనే దారిలోనే మొగిలి ఘాట్ ఉంది. తిరుమలలోలాగా మలుపు మలుపుకూ భయపెట్టదు. వెడల్పుగా, నున్నగా, డివైడరుతో హాయిగా ఉంటుంది, అందుకే ఎక్కువ ప్రమాదకరం. వాలు ఉందన్న సంగతే కారులో కూర్చున్నవాడికి తట్టదు. నూటికి ఐదు వాలులో న్యూట్రల్‌లో వదిలేసిన బండి అర కిలోమీటరు పోయేసరికి అరవై దాటుతుంది, ఎవరూ ఏమీ తొక్కకుండానే. 2024 సెప్టెంబరు 13న ఆ ఘాట్‌లోనే ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోయారు. అంతకు ముందు 2022 మార్చి 26 రాత్రి, ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న పెళ్ళివారి బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడింది. ఈ రెండింటినీ హ్యాండ్‌బ్రేక్‌కు ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. వాలులో పెరిగిన వేగాన్ని చివరి క్షణంలో ఏ లివరూ వెనక్కి తీసుకోలేదని చెప్పడానికే గుర్తు చేస్తున్నాను. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమనే సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

లారీ డ్రైవర్లను చూసి కార్లవాళ్ళు నేర్చుకున్న మాట కూడా ఇందులో కలిసిందని నా అనుమానం. గాలి బ్రేకులున్న పెద్ద బండ్లలో హ్యాండ్‌బ్రేక్ పద్ధతే వేరు. అక్కడ బలమైన స్ప్రింగులు బ్రేకును బిగిస్తాయి, గాలి ఒత్తిడి వాటిని వెనక్కి పట్టి ఉంచుతుంది. గాలి పోతే స్ప్రింగులు వాటంతటవే బిగుస్తాయి. అది విని కారులోనూ అలాగే ఉంటుందనుకుంటే ఎలా? ఆ లారీల్లోనూ లైనర్లు మాడిపోయాక స్ప్రింగు చేసేదేమీ ఉండదు. తమిళనాడులో ధర్మపురి దగ్గర తొప్పూరు ఘాట్‌లో న్యూట్రల్‌లో దిగవద్దని లారీలవాళ్ళకు పోలీసులు పదే పదే చెబుతూ వచ్చింది అందుకే. తిరుమల కొండ మీదికి 2022 సెప్టెంబరులో కరెంటు బస్సులు వచ్చాయి. అవి దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి చక్రాలను పట్టి ఉంచుతుంది, ఆ శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. కొత్త సాంకేతికత కూడా చివరికి చేసింది, దిగేటప్పుడు చక్రాలను నడిపే యంత్రంతోనే పట్టించడం.

దీనికి పూర్తిగా ఎదురు గట్టున ఇంకొందరున్నారు. కదిలే కారులో హ్యాండ్‌బ్రేక్ ముట్టుకుంటే చాలు పల్టీ కొడుతుంది, చచ్చినా తాకకూడదు అంటారు వీళ్ళు. వీళ్ళతోనూ నాకు పేచీ ఉంది. నూనె నిజంగానే కారిపోయి, పెడల్ నిజంగానే నేలకు అంటుకుపోతే, చల్లగా ఉన్న వెనక షూలు ఇచ్చే ఐదో వంతు బలం కూడా పనికొస్తుంది. గుంజకూడదు, అంతే. లివర్ చివరనున్న బటన్ నొక్కే ఉంచి, టిక్కులు పడనీయకుండా, నిదానంగా లాగాలి. తోక కదిలిందనిపిస్తే వెంటనే వదలగలగాలి, బటన్ నొక్కి ఉంచితేనే అది వీలవుతుంది. అదీ రోడ్డు తిన్నగా ఉన్నచోట, స్టీరింగ్ తిప్పని సమయంలో మాత్రమే. దానికంటే ముందు చేయవలసినవి రెండున్నాయి. పెడల్‌ను వదిలి వదిలి గబగబా తొక్కడం, ఒక్కో గేరూ తగ్గించుకుంటూ రావడం. నాలుగులోంచి ఒక్కసారిగా ఒకటికి దూకకూడదు, ముందు చక్రాలు జారిపోతాయి. హారన్, లైట్లు మరిచిపోకూడదు. ఇంకేమీ మిగలకపోతే లోయ వైపు కాకుండా కొండ వైపు ఒరిపించి రాసుకుంటూ ఆగాలి. బండికి సొట్టలు పడతాయి, పడనీయండి.

వానల్లో ఇదంతా ఇంకా కష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొండ మీద పొగమంచూ తుంపరా కలిసినప్పుడు తారు మీద టైరు పట్టు బాగా పడిపోతుంది, చిన్న లాగుడుకే వెనక చక్రాలు బిగుసుకుంటాయి. అప్పుడు లివర్‌ను మరిచిపోవడమే మేలు.

ఆటోమేటిక్ కార్లవాళ్ళు "మాకు గేర్లు లేవు కదా" అని తప్పించుకుంటారు. ఉన్నాయి. గేరు లివర్ పక్కన ఎల్ అనో, 2 అనో, ఎస్ అనో ఉంటుంది, లేదా ప్లస్సూ మైనస్సూ ఉంటాయి. కారు కొన్న రోజు షోరూమువాళ్ళు చెప్పి ఉంటే మీరు ఫొటో హడావుడిలో విని ఉండరు. కొండ దిగే ముందు అందులో పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ లివర్‌కు బదులు చిన్న స్విచ్చు ఉన్న కొత్త కార్ల సంగతి మాత్రం వేరు. పోతూ ఉండగా ఆ స్విచ్చును లాగి పట్టుకుంటే, ఎక్కువ మోడళ్ళలో కంప్యూటరు నాలుగు చక్రాల బ్రేకులనూ తానే వేసి, జారకుండా ఆపుతుంది. మీ కారులో అది ఎలా పనిచేస్తుందో కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకం గ్లౌజ్ బాక్సులో ప్లాస్టిక్ కవరు విప్పకుండా ఉంటే ఈ స్విచ్చు మీద కూడా ధీమా పెట్టుకోకండి. అది కూడా మాడిపోయిన ప్యాడ్లను బాగుచేయలేదు.

నిలబెట్టడానికి హ్యాండ్‌బ్రేక్, దిగడానికి గేరు అనే తేడా చట్టానికి ఎప్పుడో తెలుసు. 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్, డ్రైవరు సీటు వదిలి దిగిన బండికి ఇంజన్ ఆపి బ్రేకు వేసి ఉంచమంటుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో డ్రైవింగ్ పరీక్షను వివరించే 15వ నియమం ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఎత్తు ఎక్కుతూ ఆగి, వెనక్కి దొర్లకుండా మళ్ళీ కదలడానికి హ్యాండ్‌బ్రేక్ వాడటం చూపించాలి. వాలు దిగేటప్పుడు త్వరగా కింది గేర్లలోకి మార్చడం చూపించాలి. ఎక్కేటప్పుడు ఏది, దిగేటప్పుడు ఏది అన్నది విడివిడిగా రాసి పెట్టారు. మన దగ్గర లైసెన్సు తీసుకున్నవాళ్ళలో చాలామందికి ఈ రెండింటిలో ఒక్కటీ ఎవరూ పరీక్ష పెట్టలేదు. చదునైన గ్రౌండులో ఎనిమిది వేయించి, వెనక్కి పెట్టించి, కార్డు చేతికిస్తారు. శేషాచలం కొండల కింద ఊరు, మొగిలి వాలు పక్కన ఇంకో ఊరు, హార్సిలీ హిల్స్‌కు పోయే దారి మదనపల్లె పక్కనే. పరీక్షకు వాలు కోసం వెతుక్కోవలసిన అవసరం దేశంలో చాలా ఊళ్ళకు ఉందేమో గానీ మనకు లేదు. తిరుమలలో దిగే దారి మొదట్లో, గేటు దగ్గర బండి ఎలాగూ ఆగుతుంది. అక్కడుండే మనిషి అద్దంలోంచి తొంగి చూసి "ఏ గేరు సామీ?" అని ఒక్క మాట అడిగితే పట్టే సమయం రెండు సెకన్లు.